గొంతు ఒకచోట, ముఖం ఒకచోట

1915లో అమెరికాలో 'కార్మెన్' అనే చలనచిత్రం విడుదలయింది. దర్శకుడు సెసిల్ బి. డిమిల్. కథానాయిక జెరాల్డిన్ ఫరార్. ఆనాటి న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపేరాలో ఆమె ప్రధాన గాయని. ఆమె పాట వినడానికి జనం విరగబడేవారు. అటువంటి గాయనిని తెచ్చి, ఆమె రంగస్థలం మీద పాడి పేరు తెచ్చుకున్న పాత్రనే ఇచ్చి తీసిన ఆ చిత్రంలో, ఆమె గొంతు మాత్రం లేదు. ఎందుకంటే అది మూకీ చిత్రం.

వినడానికి నవ్వు పుట్టించే ఈ సంగతిలో ఒక పెద్ద చిక్కు దాగి ఉంది. ఒపేరాను తెరకెక్కించబూనిన ప్రతివారూ ఆ తర్వాత దాదాపు నూరేళ్ళపాటు ఆ చిక్కుతోనే కుస్తీ పట్టారు. గొంతు చేతికి వస్తే ముఖం జారిపోతుంది. ముఖాన్ని పట్టుకుంటే గొంతు జారిపోతుంది. సినిమాకు మాటలు వచ్చినంత మాత్రాన ఈ చిక్కు విడిపోలేదు సరికదా, మరింత బిగిసింది. ఎట్లాగో చెప్పాలంటే ముందు ఒపేరా గాయకుడి కష్టం ఏమిటో చూడాలి.

ఒపేరా అంటే సంగీతంలో నడిచే నాటకం. మన పద్యనాటకంలో వచనమూ పద్యమూ కలిసి నడిస్తే, అక్కడ చాలా కృతుల్లో మొదటినుంచి చివరిదాకా పాటే. సంప్రదాయ ఒపేరాశాలలో గాయకుడి ముందు మైకు ఉండదు. వేదిక ముందరి గోతిలో కూర్చున్న పదుల కొద్దీ వాద్యకారుల మోతను దాటుకుని, చిట్టచివరి వరుసలోని శ్రోత చెవిదాకా ఆ గొంతు చేరాలి. అందుకోసం దవడ పూర్తిగా తెరుచుకుంటుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, నుదుట చెమట పడుతుంది. ముప్పై గజాల దూరాన కూర్చున్నవారికి ఇదేమీ కనబడదు, ఆ నాదమే కనబడుతుంది. కెమెరా మూరెడు దూరంలోకి వచ్చి నిలబడితే మాత్రం నాదం వెనక్కి పోయి నోరు ముందుకు వస్తుంది. ప్రియురాలి చిత్తరువును చూసి మురిసిపోతూ పాడే యువరాజు, దంతవైద్యుడి ముందు కూర్చున్న రోగిలా కనబడతాడు.

దీనికి సినిమావాళ్ళు కనిపెట్టిన మందు మనకు కొత్తది కాదు. ముందుగా పాటంతా రికార్డు చేసుకోవడం, తర్వాత చిత్రీకరణ స్థలంలో ఆ రికార్డును మోగిస్తూ నటులచేత పెదవులు కదిలింపజేయడం. తెలుగు టాకీల తొలి రోజుల్లో నటులే కెమెరా ముందు పాడేవారు. వాద్యకారులు కెమెరా కంట పడకుండా పక్కన కూర్చుని వాయించేవారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' సురభివారి నాటకం ఆధారంగా తయారయినదే. నేపథ్యగానం వచ్చాక మనం ఒక అడుగు ముందుకు వేసి, గొంతు ఒకరిదీ ముఖం ఇంకొకరిదీ చేసుకున్నాం. ఘంటసాల గాత్రం రామారావు ముఖంలోంచి వస్తూ ఉంటే మనకు ఇసుమంతైనా ఎబ్బెట్టు తోచదు. ఇద్దరు కలిసి ఒక్క మనిషి అయ్యారని ఒప్పేసుకున్నాం.

కానీ అదే మనవాళ్ళు పద్యనాటకం వేదిక ముందు కూర్చున్నప్పుడు ఆ ఒప్పుదలకు తావు ఉండదు. అక్కడ రాగం తీసిన గొంతుకే 'వన్స్ మోర్' పడుతుంది. ఆ మనిషి ఆ క్షణాన ఆ ఊపిరితో సాధించిన దానికే చప్పట్లు. ఒపేరా అభిమానిదీ అదే పట్టుదల. గాయకుడి శరీరమూ గొంతూ విడదీయరానివని అతని నమ్మకం. కనుక ఒపేరాను సినిమాగా తీసేవాడు ఇద్దరు యజమానులకు కొలువు చేయాలి. నమ్మదగిన ముఖం కావాలనే సినిమా ప్రేక్షకుడు ఒకడు, మోసం లేని గొంతు కావాలనే సంగీతాభిమాని మరొకడు.

ఈ చిక్కును ఎవరెవరు ఎట్లా ఎదుర్కొన్నారో చూస్తే మూడు దారులు కనిపిస్తాయి. వాటిలో నడిమిదాని గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను. అయినా మొదటిది చెప్పకపోతే దాని విలువ తెలియదు.

మొదటి దారి, గొంతునూ ముఖాన్నీ నిస్సంకోచంగా విడదీయడం. 1951లో బ్రిటిష్ దర్శకులు మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ 'ద టేల్స్ ఆఫ్ హాఫ్‌మన్' తీశారు. స్వరకర్త ఓఫెన్‌బాక్. సంగీత నిర్వహణ సర్ థామస్ బీచమ్. ముందు సంగీతమంతా రికార్డయింది. ఆ తర్వాత షెపర్టన్ స్టూడియోలో దాన్ని మోగిస్తూ, అచ్చం మూకీ సినిమా తీసినట్టుగా బొమ్మ తీశారు. సెట్టులో నిశ్శబ్దం పాటించనక్కరలేదు, మైకు నీడ పడుతుందన్న బెంగ లేదు, కెమెరా ఎటు తిరగాలనుకుంటే అటు తిరిగింది. తెరమీద కనిపించే ప్రధాన నటవర్గంలో తమ పాట తామే పాడుకున్నవారు ఇద్దరే, రాబర్ట్ రౌన్స్‌విల్, ఆన్ ఏయర్స్. మరబొమ్మ ఒలింపియాగా కనబడేది బాలే నర్తకి మొయిరా షియరర్, పాడింది వేరొక గాయని. గాయకులు నాట్యం చేయలేరు, నర్తకులు పాడలేరు, అందుకని ఎవరి పని వారిచేత చేయించారు. చిత్రం చివర బీచమ్ స్వయంగా కనబడి సంగీతాన్ని ముగిస్తాడు. స్వరగ్రంథం మూతపడితే దానిమీద 'ఇంగ్లండులో తయారయినది' అన్న ముద్ర పడుతుంది. ఇది కర్మాగారంలో తయారయిన మాయ సుమా అని నవ్వుతూ ఒప్పుకున్నట్టు ఉంటుంది. కన్నులపండువే, సందేహం లేదు. కానీ అది ఒపేరాయేనా అని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఇక రెండవ దారి. ఇది స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్‌ది. ఆ పేరు వినగానే మృత్యువుతో చదరంగమాడే వీరుడూ, దేవుడి మౌనమూ, మాటలు కరవైన దంపతులూ గుర్తుకొస్తారు. ఆ మనిషి మొజార్ట్ రాసిన 'ద మ్యాజిక్ ఫ్లూట్'ను తెరకెక్కించాడంటే చాలామంది ఆశ్చర్యపోతారు. పాములూ, పక్షులు పట్టేవాడూ, మంత్రపు గంటలూ ఉన్న ఆ మాయావేణువు కథ పిల్లలకు చెప్పే అద్భుతగాథ వంటిది. కానీ బెర్గ్‌మన్‌కు అది చిన్ననాటి మోజు. పన్నెండేళ్ళ వయసులో స్టాక్‌హోమ్ రాజ ఒపేరాశాలలో ఆ నాటకం చూసి, ఇంట్లో తన బొమ్మల కొలువులో దాన్ని ఆడించాలని తహతహలాడాడు. కావలసిన గ్రామఫోను రికార్డులు కొనే స్తోమత లేక ఊరుకున్నాడు. 1968లో తీసిన 'అవర్ ఆఫ్ ద వూల్ఫ్' అనే భయానక చిత్రంలోనూ ఒక తోలుబొమ్మలాటంత వేదిక మీద ఆ ఒపేరాలోని చిన్న ఘట్టాన్ని చూపించాడు. స్వీడిష్ రేడియో 1925 జనవరి 1న మొదలయింది. దాని యాభైయేళ్ళ పండుగకు ఏదైనా తీసిపెట్టాలన్నప్పుడు అతని చిరకాల వాంఛకు దారి దొరికింది.

కథ ఎక్కడ జరగాలన్నది మొదటి ప్రశ్న. సినిమా అనగానే నిజమైన కొండలూ, అడవులూ, కోటలూ చూపించాలనిపిస్తుంది. బెర్గ్‌మన్ అటు పోలేదు. కథను నాటకశాలలోనే ఉంచాడు. అది కూడా ఏ నాటకశాలో కాదు, స్టాక్‌హోమ్ శివార్లలోని డ్రాట్నింగ్‌హోమ్ రాజప్రాసాదపు నాటకశాల.

ఆ శాల చరిత్రే ఒక కథ. 1766లో చెక్కతో కట్టిన భవనం అది. కళాప్రియుడైన స్వీడన్ రాజు మూడవ గుస్తావ్ కాలంలో దేదీప్యమానంగా వెలిగింది. 1792 మార్చి 16న స్టాక్‌హోమ్ ఒపేరాశాలలో ముసుగు నృత్యం జరుగుతూండగా ఆ రాజుపై కాల్పులు జరిగాయి. కొద్దిరోజులకు ఆయన మరణించాడు. ఈ హత్యే తర్వాత వెర్దీ చేతిలో మరొక ఒపేరాకు వస్తువయింది. రాజు పోయాక డ్రాట్నింగ్‌హోమ్ శాల తలుపులు మూతబడ్డాయి. నూటముప్పై ఏళ్ళ దాకా దాన్ని సామాన్లు పడేసే కొట్టుగా వాడుకున్నారు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడమే దానికి వరమయింది. 1921లో ఆగ్నె బెయెర్ అనే సాహిత్య చరిత్రకారుడు ఏదో చిత్రపటాన్ని వెతుక్కుంటూ లోపలికి వెళ్ళి చూస్తే, పద్దెనిమిదవ శతాబ్దపు తెరలూ, కప్పీలూ, తాళ్ళూ, కెరటాలు కదిలించే యంత్రమూ, ఉరుము శబ్దం పుట్టించే పెట్టె దుమ్ము కప్పుకుని యథాతథంగా ఉన్నాయి. మోకులు మార్చి, విద్యుద్దీపాలు అమర్చి, మరుసటి ఏడు మళ్ళీ తెరిచారు.

ఇక్కడ ఒక చిత్రమైన కాలమేళనం ఉంది. 'మాయావేణువు' తొలి ప్రదర్శన 1791 సెప్టెంబరు 30న వియన్నా శివారులోని ఒక సామాన్య ప్రజల నాటకశాలలో జరిగింది. మాటలు రాసినది ఆ శాలను నడిపిన షికనేడర్. పక్షులు పట్టే పాపగేనో వేషం కట్టిందీ ఆయనే. రెండు నెలలు తిరిగేసరికి, డిసెంబరు 5న, మొజార్ట్ కన్నుమూశాడు. ఇంకొక నాలుగు నెలలకు గుస్తావ్ పోయాడు. వియన్నాలోని ఆ శాల ఈనాడు లేదు. కానీ సరిగ్గా ఆ కాలపు రంగస్థలం, ఆ కాలపు యంత్రాలతో సహా, స్వీడన్‌లో నిద్రపోయి మేలుకొంది. మొజార్ట్ ఊహించుకున్న మెరుపులూ, ఉరుములూ, ఆకాశయానాలూ ఎటువంటి తాళ్ళ మీద నడిచేవో చూడాలంటే అంతకన్న తగిన చోటు లేదు. సురభివారి 'మాయాబజార్' చూసినవారికి ఈ మాట వెంటనే తలకెక్కుతుంది. తెర వెనుక తాడు లాగేవాడు ఉన్నాడని తెలిసీ, ఘటోత్కచుడు గాలిలోకి లేచినప్పుడు నోరు తెరుచుకుని చూస్తాం కదా!

చిక్కల్లా ఏమిటంటే ఆ శాలలో సినిమా తీయడం కుదరదు. రెండు శతాబ్దాల ఎండు కొయ్య, రంగు వేసిన గుడ్డ, కాగితపు ముద్ద. దాని నడుమ సినిమా దీపాల వేడి, కెమెరా బండ్లు, పదుల కొద్దీ మనుషులు అంటే తట్టుకోగలిగినది కాదు. కాబట్టి శాల బయటి దృశ్యాలు మాత్రం అక్కడ తీసి, లోపలి వేదికను స్టాక్‌హోమ్‌లోని స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ స్టూడియోలో యంత్రాలతో సహా మళ్ళీ కట్టారు. అంటే మాయలు చేసే నాటకశాలకు ఒక మాయ నాటకశాలను కట్టారన్నమాట. కృత్రిమానికి కృత్రిమం!

తర్వాతి ప్రశ్న గాయకులది. పేరున్న పెద్ద గొంతులకోసం బెర్గ్‌మన్ వెతకలేదు. పాత్ర వయసుకు దగ్గరగా ఉండి, ముఖం కెమెరాకు తెరుచుకునే యువ గాయకులను ఉత్తర ఐరోపా దేశాలనుంచి ఏరుకున్నాడు. పాపగేనోగా స్వీడన్‌కు చెందిన హోకన్ హాగెగోర్డ్, తమీనోగా యోసెఫ్ కోస్ట్‌లింగర్, పమీనాగా ఫిన్లండు గాయని ఇర్మా ఉర్రిలా, సరాస్త్రోగా డెన్మార్కుకు చెందిన ఉల్రిక్ కోల్డ్, రాత్రి రాణిగా బిర్గిట్ నోర్డిన్. సంగీత నిర్వాహకుడు ఎరిక్ ఎరిక్సన్ బృందగాన శిక్షణలో లోకప్రసిద్ధుడు. పదం పదం వినబడేటట్టు పాడించడం ఆయన విద్య. జర్మన్ మాటలను వదిలి స్వీడిష్‌లో పాడించారు. ఇంటింటా టీవీ ముందు కూర్చున్న సామాన్యుడికీ, పిల్లలకూ అర్థం కావాలన్నది ఆశయం.

పాటలన్నీ ముందుగానే స్వీడిష్ రేడియో వాద్యబృందంతో రికార్డయ్యాయి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. రికార్డింగులో మైకు దగ్గరగా ఉంటుంది కనుక చిట్టచివరి వరుస దాకా గొంతు విసరవలసిన పనిలేదు. ప్రేమను ప్రేమలాగా, గుసగుసను గుసగుసలాగా పాడవచ్చు. అట్లా పాడిన గొంతుకు, మూరెడు దూరంలో నిలిచిన కెమెరాకు పొత్తు కుదిరింది. మొదట చెప్పుకున్న దంతవైద్యుడి బాధ తీరింది. గొంతును ముఖపు దూరానికి దించడమే బెర్గ్‌మన్ చేసిన మొదటి పని.

అయితే పెదవులు కదిలించడం తేలిక పని అనుకుంటే పొరపాటు. తన పాటకే తాను పెదవి కలపడం గాయకుడికి వింత పరీక్ష. ఆనాడు ఎక్కడ ఊపిరి తీశాడో ఈనాడు అక్కడే తీయాలి. ఆనాడు ఒక స్వరం మీద రవ్వంత నిలిచి ఉంటే ఈనాడూ అంతే నిలవాలి. ఉత్తినే నోరు ఆడిస్తే గొంతు కండరం కదలదు, కదలకపోతే కెమెరా వెంటనే పట్టేస్తుంది. కెమెరా దగ్గర కూర్చున్నది స్వెన్ నీక్విస్ట్. ముఖం మీద వెలుగు ఎట్లా వాలితే ఆలోచన కనబడుతుందో ఎరిగిన మహా ఛాయాగ్రాహకుడు. రాత్రి రాణి కోపంతో రెండవసారి పాడే వేళ ఆమె ముఖం చల్లని వెలుగులో పాలిపోయి, మొదట చూసిన దుఃఖిత మాతృమూర్తి ఈమేనా అనిపిస్తుంది. చిత్రాన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసి, తర్వాత సినిమాశాలలకోసం 35 మిల్లీమీటర్లకు పెద్దది చేశారు.

ఇంతవరకు చేసినది ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. పెదవులు కలిపిన సినిమా అంటే ఎంత లేదన్నా మోసమే కదా. ఆ మోసాన్ని దాచడానికి తక్కినవారు నిజమైన కోటల్లోకి, వీధుల్లోకి పరుగెత్తారు. బెర్గ్‌మన్ దాచలేదు. నాంది సంగీతం సాగినంతసేపూ వేదికను కాక ప్రేక్షకుల ముఖాలను చూపించాడు. ముసలివారు, యువకులు, తెల్లవారు, నల్లవారు, వారి నడుమ మళ్ళీ మళ్ళీ ఒక చిన్న పాప ముఖం. ఆ ముఖాల్లో బెర్గ్‌మన్ మిత్రులూ, నీక్విస్ట్ కూడా ఉన్నారు. కథ నడుస్తూండగా వేదిక వెనక్కి తీసుకెళ్ళాడు. పాపగేనో కునుకు తీస్తూ ప్రవేశం మరచిపోబోయి, ఉలిక్కిపడి లేచి పరుగెత్తుకొస్తాడు. విరామంలో రాత్రి రాణి 'పొగ త్రాగరాదు' అన్న బోర్డు కిందనే సిగరెట్టు కాలుస్తూ కనబడుతుంది. సరాస్త్రో గంభీరంగా కూర్చుని వాగ్నర్ 'పార్సిఫాల్' స్వరగ్రంథం తిరగేస్తూ ఉంటాడు. నాయికానాయకులు చదరంగమాడుతూ ఉంటారు. ఒక బాలుడు డొనాల్డ్ డక్ బొమ్మల పుస్తకంలో మునిగిపోయి ఉంటాడు.

ఇదంతా తమాషాకోసం పెట్టినది కాదని నా అభిప్రాయం. 'ఇది నాటకం, వీళ్ళు నటులు, అవి తాళ్ళు' అని దర్శకుడు ముందే ఒప్పుకున్నాక, మనం అతన్ని ఏ అబద్ధానికీ నిలదీయలేం. దాచినది ఏదీ లేదు కనుక పట్టుకోవలసినదీ ఏమీ ఉండదు. అప్పుడు మన అనుమానం నిద్రపోయి, మన మనసు మేలుకుంటుంది. ప్రియుడు పలకడంలేదని పమీనా ప్రాణం తీసుకోబోయే ఘట్టంలో ఆ హిమపాతం కృత్రిమమని మనకు తెలుసు, ఆ గొంతు ముందే రికార్డయినదనీ తెలుసు. అయినా గుండె పట్టేస్తుంది. తెలిసి నమ్మడం వేరు, మోసపోయి నమ్మడం వేరు. రంగస్థలం మనిషికి నేర్పేది మొదటిది.

అతను కథలోనూ చేయి పెట్టాడు. సరాస్త్రోను పమీనాకు తండ్రిగా మార్చాడు. దాంతో వెలుగుకూ చీకటికీ జరిగే పోరు, విడిపోయిన తల్లిదండ్రుల నడుమ నలిగిపోయే ఒక బిడ్డ కథ అయింది. కొన్ని భాగాలు తీసేశాడు, కొన్నిటి వరస మార్చాడు. శుద్ధ సంగీతవాదులకు ఇది నచ్చకపోవచ్చు. కానీ బెర్గ్‌మన్ చిత్రాలు చూసినవారికి ఆ బిడ్డ ఎవరో కొత్తగా చెప్పనక్కరలేదు.

1975 జనవరి 1న స్వీడన్ టెలివిజన్‌లో ప్రసారమయిన ఈ చిత్రం అదే ఏడాది కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెలుపల ప్రదర్శితమయింది. దేశదేశాల సినిమాశాలల్లో ఆడింది. వస్త్రాలంకరణకు ఆస్కార్ ప్రతిపాదన కూడా పొందింది.

మూడవ దారి ఈ రెంటికీ పూర్తిగా ఎదురు. గొంతునూ ముఖాన్నీ విడదీయనే వద్దు, అన్నీ ఒకేసారి, నిజమైన చోట, నిజమైన వేళ జరగాలన్న పంతం. పుచ్చీని ఒపేరా 'తోస్కా' కథ 1800 నాటి రోము నగరంలో జరుగుతుంది. మధ్యాహ్నం ఒక చర్చిలో మొదటి అంకం, రాత్రి ఒక భవంతిలో రెండవది, తెల్లవారుజామున ఒక కోట మీద మూడవది. 1992 జులై 11, 12 తేదీల్లో ఆ మూడు అంకాలనూ ఆ మూడు చోట్లనుంచే, ఆయా వేళలకే, టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. ప్లాసిడో డొమింగో, కేథరిన్ మాల్ఫిటానో, రుజ్జేరో రైమొండి పాడారు. ఛాయాగ్రహణం విత్తోరియో స్తొరారో. సంగీత నిర్వాహకుడు మనదేశంలో బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా. ఆయనా, వాద్యబృందమూ ఉన్నది నగరంలో ఇంకొకచోట, రేడియో సంస్థ సంగీతశాలలో. గాయకులు ఆయన చేతి కదలికను టీవీ తెరల మీద చూసుకుంటూ, వాద్యాలను స్పీకర్లలో వింటూ, దుస్తుల్లో దాచిన మైకుల్లోకి పాడారు.

సాహసానికి నమస్కరించవలసిందే. కానీ గమనించండి, అంత సత్యవ్రతం పట్టినా ఒక విభజన తప్పలేదు. గొంతూ ముఖమూ కలిశాయి, వాద్యం విడిపోయింది. ఎక్కడో ఒకచోట ఒక అతుకు ఉండే తీరుతుంది. దానిని చర్చి గోడల వెనుక దాచామా, తెర ఎత్తి చూపించామా అన్నదే తేడా.

2006 డిసెంబరు 30న న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపేరా తన ప్రదర్శనలను ఉపగ్రహం ద్వారా సినిమాశాలలకు ప్రత్యక్షంగా పంపడం ప్రారంభించింది. ఫరార్ పాడిన ఆ మెట్రొపాలిటన్ ఒపేరాయే. తొలి ప్రసారం ఏదనుకున్నారు? 'మాయావేణువు', జూలీ టేమర్ దర్శకత్వంలో, పిల్లలకోసం కుదించిన ఆంగ్లరూపం. ఆ ప్రసారాల పరంపరలో విరామ సమయాన కెమెరా తెర వెనక్కి వెళుతుంది. చెమట తుడుచుకుంటున్న గాయకులను పలకరిస్తుంది, సెట్లు మార్చే పనివారిని చూపిస్తుంది. ప్రేక్షకులు దాన్నీ ఇష్టంగా చూస్తారు. ముప్పై ఏళ్ళకు ముందు బెర్గ్‌మన్ నటింపజేసి చూపినదే ఇప్పుడు నిజంగా జరుగుతున్నదన్నమాట.

మూకీ తెరమీద పెదవులు కదిలించిన ఆ మహాగాయని కాలం నుంచి ఇప్పటిదాకా యంత్రాలు ఎంతో మారాయి. యంత్రం అతుకును సన్నం చేయగలిగింది, చెరపలేకపోయింది. దాన్ని చెరపడానికి తాపత్రయపడని ఆ ఒక్క చిత్రమే, నా మటుకు, ఒపేరాకు అన్నిటికన్న దగ్గరగా వెళ్ళింది. తాడు కనబడుతూనే ఉంటుంది. పాప కళ్ళప్పగించి చూస్తూనే ఉంటుంది.